చుక్కల సారు

మొన్న నాగపూర్ నుంచి ఎవరో ఫోన్ చేసి ఆయన పోయాడని చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్న శిష్యులట. సంస్మరణ సంచిక వేస్తున్నారట. చంద్రపూర్‌లో ఆయన కింద మూడేళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి నేనూ రెండు మంచి మాటలు రాసివ్వాలట. ఆలోచించి చెబుతానన్నాను. రెండు రోజులు కూర్చుని ఆలోచిస్తే నిజంగానే రెండు దొరికాయి: ఏసీ బాగుండేది.

ఆ రెండూ పంపిస్తే సంచికవాళ్లు నొచ్చుకున్నారు. అందుకని మిగతావి ఇక్కడ రాసుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదని పెద్దలంటారు. ఆ పెద్దల్లో ఒక్కరూ ఆయన కింద పనిచేయలేదు.

మా ఊరి ఎండ తెలియనివాళ్లకు ఆ ఏసీ మహిమ అర్థం కాదు. మే నెలలో చంద్రపూర్‌లో కాకి కూడా గోడమీద ఒక కాలు మీదే నిలబడుతుంది, రెండోది చల్లార్చుకోవాలి కాబట్టి. బొగ్గు దుమ్ము సంగతి వేరే చెప్పాలా? పొద్దున ఆరేసిన తెల్ల ధోతి సాయంత్రానికి వకీలు కోటు అవుతుంది. అలాంటి ఊళ్లోకి ఆయన టై కట్టుకుని దిగాడు. జిల్లాలో ఆ నెలలో మెడకు ఏదైనా కట్టుకుని తిరిగిన ప్రాణులు రెండే: ఆయనా, బండికి కట్టిన ఎద్దూ. ఎద్దుకు ఇష్టం లేదని చూస్తేనే తెలిసేది.

సర్కారు తలుపులు బార్లా తెరిచి, ఎవరైనా రండి, ఏదైనా పెట్టండి అంటున్న రోజులవి. సందుకో ఎస్టీడీ బూత్, రెండు సందులకో కన్సల్టెంటు. అంతకుముందు ఊరి ప్లానంటే నలుగురు డ్రాఫ్ట్స్‌మన్లు, ఒక పొడుగాటి బల్ల, ఆరువందల కప్పుల టీ. ఇప్పుడు పెద్ద పట్నం నుంచి ఒక ప్రైవేటు కంపెనీ వచ్చి, రాబోయే పదిహేనేళ్లలో ఊరు ఎటువైపు పెరుగుతుందో కంప్యూటర్లో ముందే చూపిస్తామని ప్లాను పని పట్టుకుంది. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, అది ఇప్పుడు లేదు. పదిహేనేళ్ల ముందుచూపులో ఆ సంగతి దానికి కనపడలేదు.

ఆ కంప్యూటరుతో పాటు వచ్చినవాడే ఆయన. కృష్ణా తీరంవాడు. నేను ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే సర్వేయర్ని. ఈ ఊళ్లోనే బాబుపేట్‌లో పుట్టి, మరాఠీ బడిలో చదివి, తెలుగు అక్షరాలు మా అవ్వ దగ్గర, అంటే అమ్మ దగ్గర, పిండి చల్లిన చేటలో నేర్చుకున్నవాణ్ణి. నా తెలుగు వింటే ఆయనకు పండగ. ఎవరైనా పట్నం నుంచి వస్తే నన్ను పిలిచేవాడు.

"ఏదండీ, ఇందాక ఏమన్నారు? ఆ మాట ఇంకోసారి అనండి."

"ఏమన్న సార్? గిట్ల పెట్టాల్నా అని అడిగిన."

"విన్నారా? గిట్ల." ఆయన నవ్వేవాడు, వచ్చినవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. మే నెల, ఏసీ గది. ఇంకో పది నిమిషాలు నవ్వమన్నా నవ్వుతాను.

ఏసీ కంప్యూటరుకే కాని మనుషులకు కాదని తలుపు మీద కాగితం ఉండేది. ఎండలు ముదిరేకొద్దీ మా ఆఫీసులో జ్ఞానం మీద ఆసక్తి పెరిగేది. చప్రాసీతో సహా అందరికీ ఊరు ఎలా పెరుగుతుందో సందేహాలొచ్చేవి. చెప్పులు బయట విప్పి, కాళ్లు తుడుచుకుని వెళ్లాలి. ఆయన మాత్రం బూట్లతోనే. అన్యాయం కదా అని మా మరాఠీ డ్రాఫ్ట్స్‌మన్ ఒకసారి అడిగితే, కాలెత్తి అడుగు చూపించాడు. నిజమే, మట్టి లేదు. బూటు నంబరు కూడా చెరగలేదు. లాడ్జి మెట్లమీంచి ఆటోలోకి, ఆటోలోంచి ఆఫీసు మెట్లమీదికి. మూడేళ్లు ఊరి భవిష్యత్తు గీసిన మనిషి ఆ ఊరి నేలను ఒక్కసారి కూడా తొక్కలేదు.

తెర తుడవడానికి పసుపుపచ్చ వెల్వెట్ గుడ్డ ఒకటుండేది. పెళ్లికొడుకు నుదుటిమీద చెమట అద్దినట్టు అద్దేవాడు. ఇబ్బందికరమైన ప్రశ్న ఎవరడిగినా ముందు గుడ్డ తీసేవాడు. తుడవడం పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే అనుమానమొచ్చేది.

ఇంతకీ ఆ తెరమీద ఏముండేదో చెప్పాలి. చెప్పేటప్పుడు నా కోపం పక్కన పెట్టాలి, ఎందుకంటే మొదటిసారి చూసినప్పుడు నాకు ఏసీ కూడా గుర్తురాలేదు. నల్లటి తెరమీద గళ్లు గళ్లుగా మా ఊరు. గళ్లల్లో పసుపు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కుటుంబం. మేం నింపిన ఫారాల్లోంచి ఒక్కో చుక్కకు ఆరు గుణాలు పెట్టేవాడు: ఇంట్లో ఎందరు, ఇంటి పెద్ద వయసెంత, పని ఎక్కడ, నీళ్లు ఎంత దూరం, ఇల్లు సొంతమా కాదా, ఈ ఊళ్లో ఎన్నాళ్లుంటారు. మీట నొక్కితే ఒక ఏడాది గడుస్తుంది. ప్రతి చుక్కా చుట్టూ ఉన్న గళ్లను చూసుకుంటుంది. పక్క గడి మెరుగ్గా ఉంటే జరుగుతుంది, లేకపోతే ఉంటుంది. అంతే. నువ్వటు పో, నువ్విటు రా అని ఎవరూ చెప్పరు. అయినా మీట నొక్కుతుంటే పేటలు పుడతాయి, బజార్లు సాగుతాయి, కొత్త రోడ్డు వెంబడి చుక్కలు బెల్లం వాసన పట్టిన చీమల్లా బారులు తీరుతాయి.

"ఊరిని ఎవరూ కట్టరండీ. ఎవరి బతుకు వాళ్లు చూసుకుంటుంటే, అయ్యేదే ఊరు" అన్నాడాయన. ఈ మాట బంగారం. ఆయన నోటినుంచి వచ్చిందన్న ఒక్క దోషం తప్ప దానికి వంక పెట్టలేను.

కాని ఆ చుక్కలతో ఉండి ఉండి ఆయన కళ్లకు మనుషులు ఆనడం మానేశారు. ఇంట్లో ఎందరున్నారని అడగడు, ఎన్ని యూనిట్లంటాడు. మా చప్రాసీ కూతురి పెళ్లి శుభలేఖ తెచ్చి బొట్టుపెట్టి ఇస్తే, చదివి, "కాపురం ఎక్కడ పెడుతున్నారండీ? బస్టాండుకెంత దూరం?" అని అడిగి, అక్కడికక్కడే ఒక కొత్త చుక్క పెట్టాడు. చప్రాసీ పొంగిపోయి వారం రోజులు వచ్చినవాళ్లందరికీ అల్లుణ్ణి తెరమీద చూపించాడు. పెళ్లికి మాత్రం ఆయన రాలేదు. చుక్క పెట్టాక ఇంక వెళ్లడమెందుకు?

రాష్ట్రంలో సగానికి దీపాలు వెలిగించే ఊరు మాది. ఆ ఊళ్లోనే రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయేది. పోయినప్పుడల్లా ఆయన లేచి నిలబడి, "ఐదేళ్లు పోయాయి" అనేవాడు. భద్రపరచని ఏళ్లన్నమాట. ఆ దుఃఖం మాత్రం అసలైనది. మనిషి కళ్లల్లో నీళ్లు చూశాను. ఇరవయ్యో వార్డులో గోడకూలి ఇద్దరు పోయారని పేపర్లో వస్తే కనపడని నీళ్లు.

ఆయన తరచూ చెప్పే సూక్తి ఒకటుండేది: "మనిషికి మొహమాటం ఉంటుందండీ, అందుకే అబద్ధం చెబుతాడు. చుక్కకు మొహమాటం లేదు." ఈ సూక్తి మా గల్లీ కొంప మీదికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా గల్లీ గురించి చెప్పాలి.

బాబుపేట్‌లో రైలు కట్టవైపు నాలుగు వరసల ఇళ్లు మావి. అందరూ బొగ్గుబావుల్లోకి వచ్చినవాళ్లే. గోదావరి అవతలివాళ్లు కొందరు, ఇవతలివాళ్లు కొందరు. మా బాపు పెద్దపల్లి పక్క పల్లెనుంచి మీసాలు రాకముందు వచ్చి, అవి నెరిసేదాకా గనిలో దిగాడు. ఈ నాలుగు వరసల్లో ఎవర్నైనా, ఎప్పుడైనా, నిద్రలో లేపి అడిగినా ఒకటే జవాబు: "డ్యూటీ అయిపోతె ఊరికి పోవుడే." ఇక్కడే ఉంటానని ఎవరూ అనరు. అంటే కన్నతల్లిని కాదన్నట్టే. చేతిలో డబ్బున్నా స్లాబు వేయరు, ఎన్ని దినాలుంటమని. పెంకులే. గుమ్మం మీద పేరు రాయించరు. ముప్ఫై ఏళ్లుగా ఇవాళో రేపో వెళ్లిపోయే మనుషులు.

వెళ్లేవాళ్లు కూడా. రిటైరైనవాణ్ణి గల్లీ మొత్తం దండేసి, మేకను కోసి, డప్పులతో బల్లార్షా స్టేషనుకు తీసుకెళ్లి కాజీపేట పాసింజరు ఎక్కించేది. ఆడవాళ్లు ఏడ్చేవారు. ఆ ఏడుపు కొంచెం ఎక్కువే అనిపించేది, ఎందుకంటే నలభై రోజులు తిరక్కుండా ఆ మనిషి అదే ట్రంకుపెట్టెతో అదే స్టేషన్లో దిగేవాడు. నీళ్లు పడలేదనో, మనవడు కలవరిస్తున్నాడనో. ఇక్కడే మా గల్లీ మర్యాద చూడాలి. తిరిగొచ్చినవాణ్ణి, ఎందుకొచ్చినవ్ అని ఒక్కరూ అడగరు. మర్నాడు పొద్దున అరుగుమీద అతనికి జాగా ఉంటుంది, బీడీ ఉంటుంది. మాట నిన్నటి దగ్గర్నుంచే మొదలవుతుంది. నా ఎరుకలో పోయినవాళ్లందరూ తిరిగొచ్చారు. నా ఎరుకలో ఆ విషయం ఒక్కసారి కూడా ఎవరి నోటా రాలేదు.

అలాంటి గల్లీలోకి నేను ఫారాలు పట్టుకుని వెళ్లాను. ఆరో ప్రశ్న: ఈ ఊళ్లో ఎన్నాళ్లుంటారు? గడులు రెండే: స్థిరంగా, ఉద్యోగం అయ్యేవరకు.

"ఉద్యోగం అయ్యేదాకనే రాయి బిడ్డా" అంది మా ఎదురింటి పెద్దవ్వ. వాళ్లాయన రిటైరై, పోయి, వచ్చి, అప్పటికే తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లాయన పక్కనే కూర్చుని తల ఊపాడు. నేను టిక్కు పెట్టాను. నాలుగు వరసలూ అంతే. చివరికి మా ఇంటికొచ్చాను. బాపు మంచం మీద కూర్చుని బూట్లకు నూనె రాస్తున్నాడు.

"నాదేం అడుగుతవ్ర? ఎరికె గద" అన్నాడు.

నాకు ఎరుకే. అన్నీ ఎరుకే. ఎరుకై ఉండి, ఆయన ఎదురుగా కూర్చుని, ఉద్యోగం అయ్యేవరకు అనే గడిలో టిక్కు పెట్టాను. ఇంకో గడిలో పెట్టే ధైర్యం మా గల్లీలో పుట్టినవాడికి ఉండదు.

ఆర్నెల్లకు ముసాయిదా ప్లాను తయారైంది. రంగుల కాగితం గదిలో ఒక మూలనుంచి ఇంకో మూలకు పరిచి, మమ్మల్ని చూడమన్నారు. అందరూ చేసే పనే నేనూ చేశాను, ముందు మా ఇల్లు వెతికాను. మా గల్లీ లేదు. నాలుగు వరసలున్నచోట ఊదారంగు పూసి, ట్రక్కుల అడ్డా అని రాసి ఉంది.

చెప్పులు విప్పకుండానే ఏసీ గదిలోకి వెళ్లాను.

"సార్, ఆడ మా ఇండ్లున్నయి."

"ఉన్నాయండీ. ఇప్పుడున్నాయి." ఆయన ముందు నా కాళ్లవైపు చూశాడు. తర్వాత మీట నొక్కడం మొదలుపెట్టాడు. నాలుగో ఏడు వచ్చేసరికి మా గల్లీలో చుక్కలు ఒక్కొక్కటే తెర అంచుకు జారి మాయమవుతున్నాయి. పన్నెండో ఏటికి నల్లగా, తుడిచిన పలకలా అయింది. "చూశారా? ఎవర్నీ వెళ్లగొట్టడం లేదు. వాళ్లే వెళుతున్నారు. ఖాళీ అయ్యే జాగాని ఏదో ఒకదానికి వాడాలి కదండీ."

"ఎవ్వరు పోరు సార్. అట్ల అంటరు గంతె."

ఆయన సొరుగు తీసి, ఒక ఫారం బయటికి లాగి, నా ముందు పెట్టాడు. "ఈ చేతిరాత మీదే కదండీ?"

మా ఇంటి ఫారం. టిక్కు కాస్త పెద్దగానే పెట్టాను.

ఆయన్ని ద్వేషించడం మొదలుపెట్టింది ఆ నిమిషంలోనే. తప్పు ఆయనదైనందుకు కాదు. తప్పు నాదే అయినందుకు, అది కాగితంగా ఆయన సొరుగులో ఉన్నందుకు.

మర్నాడు బాపును తీసుకెళ్లాను. మనిషిని ఎదురుగా చూస్తే ఆయన మనసు మారుతుందనుకున్నాను. ఇంతకన్నా అమాయకత్వం ఏముంటుంది? బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలుపు దగ్గర చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఇంటి నంబరు కొట్టాడు. తెరమీద ఒక చుక్క ఎర్రగా మినుకుమంది.

"ఇదిగోండి, ఇది మీరు."

బాపు వంగి చూశాడు. "గింతేనా సారు?"

"పరిమాణం అందరికీ ఒకటేనండీ."

"మా ఇంటామె యాడున్నది?"

"ఇల్లంతా కలిపి ఒకే చుక్క."

"మంచిగున్నది. కొట్లాట లేదు" అన్నాడు బాపు. చప్రాసీ నవ్వాడు. ఆయన నవ్వలేదు, మీట నొక్కాడు. ఒక ఏడు, రెండేళ్లు. మూడోసారి చుక్క కదిలి, గళ్లు దాటుకుంటూ కిందికి దిగి, అంచు దగ్గర ఆరిపోయింది.

"యాడికి పోయిన?"

"మీ ఊరికి వెళ్లారండీ. రిటైరయ్యారుగా."

"మా ఊరు ఇందుల కనిపిస్తలేదు గద సారు."

"హద్దుకు బయట ఉందండీ. హద్దు దాటాక ఏమవుతుందో మనం లెక్కపెట్టం."

బాపు ఆ అంచు దగ్గర వేలు పెట్టబోయి, గాజును ముట్టకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "ఆడ మా అన్న కొడుకులు ఇల్లు కూలగొట్టి బర్రెల కొట్టం ఏసుకున్నరు సారు. గీ చుక్క ఆడికి పొయ్యి యాడ పండుకుంటది?"

ఆ సంగతి నేను వినడం అదే మొదలు. అవ్వకూ తెలియదని తర్వాత తెలిసింది. ఏళ్లుగా మాలో ఎవరికీ చెప్పనిది బాపు ఒక టై కట్టుకున్న మనిషికి, ఏసీ గదిలో, నిలబడి చెప్పాడు.

ఆయన వెల్వెట్ గుడ్డ తీశాడు. బాపు వేలు ఆనని చోట రెండుసార్లు అద్దాడు. "అది మా పరిధిలో లేదండీ."

"పోనియ్యి. మల్ల తిరిగొచ్చేటట్టు చెయ్యున్రి."

"తిరిగిరావడమనే సూత్రం ఇందులో లేదండీ. మీవాళ్లు ఒక్కరూ తిరిగొస్తామని చెప్పలేదు."

"పోయేటోడు తిరిగొస్తనని చెప్పి పోతడా సారు?"

అప్పుడే కరెంటు పోయింది. "మూడేళ్లు పోయాయి" అన్నాడాయన, ఎవరితోనో.

ముసాయిదా మీద అభ్యంతరాల విచారణకు ఒక పెద్దాఫీసరు వచ్చాడు. మరాఠీ మనిషి, లావుపాటి, చెమటలు కక్కుతున్నవాడు. ఆయన మంచివాడో కాదో తెలియదు. త్వరగా తేల్చి ఏసీ గదిలోకి వెళదామనుకున్నవాడు, అంతవరకు నమ్మొచ్చు. మా గల్లీ తరఫున బాపును ముందుకు తోశారు. ఆఫీసరు ఫైలు తిరగేసి హిందీలో ఒకటే అడిగాడు:

"చాచా, రహ్‌నా హై కి జానా హై?"

"సాబ్," అన్నాడు బాపు, "దోనో."

ఉండాలీ, పోవాలీ, రెండూను. హాలంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వి, రెండూ రాసుకునే జాగా కాగితంలో లేదన్నాడు. అప్పుడు చుక్కలాయన లేచి, గొంతు సవరించుకుని ఒక మార్గం చూపించాడు. నాలుగు వరసల్లోని ప్రతి ఇంటి పెద్దా, మేం ఇక్కడే స్థిరంగా ఉంటాం, స్వగ్రామానికి తిరిగి వెళ్లే ఉద్దేశం మాకు లేదు అని రాసి సంతకం చేసిస్తే, ఆరో గుణం మారుస్తాడు. చుక్కలు నిలబడితే ఊదారంగు ఇంకోచోటికి జరుగుతుంది. వారం గడువు. ఆఫీసరు సరేనని ఏసీ గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ కాగితం ఆయనే తన చక్కటి తెలుగులో రాశాడు. మా గల్లీలో తెలుగు చదవగలిగేవాళ్లు తక్కువ. నేనే ఇంటింటికీ వెళ్లి చదివి వినిపించాలి. మొదటి వాక్యం దాకా అందరూ తల ఊపేవారు. రెండోది చదవగానే, చూరు కింద గూడువైపో, అటక మీద ట్రంకుపెట్టెవైపో చూపు తిప్పేవారు.

"ఆ రెండోది తీసెయ్యరాదు బిడ్డా? మొదటిదాంట్లనె అంత వస్తుంది గద" అంది ఎదురింటి పెద్దవ్వ.

అదే మాట వెళ్లి ఆయన్ని అడిగాను. మూడుసార్లు అడిగాను. "ఆ వాక్యమే ముఖ్యమండీ. అది లేకపోతే చుక్క కదులుతుంది." ఒక్క వాక్యం. దాన్ని వదిలేసినా ఆయన మీట పనిచేసేది. అంతకాలం పనిచేశాక నాకు ఆ మాత్రం తెలుసు. ఆయనకు అంతకన్నా బాగా తెలుసు.

పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వేలిముద్ర వేసింది. వాళ్లాయన వేశాక అరుగుమీంచి లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఐదు రోజుల్లో నాలుగు వరసలూ అయ్యాయి, మా ఇల్లు తప్ప. అవ్వ నాతో మాట్లాడటం మానేసింది. గల్లీలోవాళ్లు మా గుమ్మం ముందు నెమ్మదిగా నడిచి వెళుతున్నారు. ఒక్క ఇల్లు మిగిలినా ఆఫీసరు ఒప్పుకోడేమోనని వాళ్ల భయం. ఎవరూ పైకి అనరు, మర్యాద.

ఏడో రోజు బాపు నన్ను రావద్దని, తనే ఆఫీసుకు వచ్చాడు. నేను అక్కడే ఉంటానని ఆయనకు గుర్తులేదేమో. ఏసీ గదిలో నిలబడే, చుక్కలాయన బల్లమీద కాగితం పెట్టి, మూడు తెలుగు అక్షరాల సంతకం ఒక్కో అక్షరం తవ్వినట్టు పెట్టాడు.

చుక్కలాయన కాగితం అందుకుని ఆరనిచ్చాడు. "ముందే నిజం చెప్పి ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు కదండీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆయన మర్యాద తప్పిన రోజు నాకు గుర్తులేదు. దానికి కూడా ఆయన్ని క్షమించలేదు.

"ముందు చెప్పింది గూడ నిజమే సారు."

"రెండూ నిజం కావడానికి వీల్లేదండీ."

ఆయన ఆరో గుణం మార్చి, మీట నొక్కాడు. ఒక ఏడు, రెండేళ్లు, మూడు, పది, పదిహేను. ఊరు చుట్టూ ఉబ్బింది, కొత్త పేటలు పుట్టాయి, రోడ్లు పసుపెక్కాయి. ఎర్ర చుక్క ఉన్నచోటే ఉంది. ఆయన సంతోషంగా బాపువైపు తిరిగాడు. ఆ మొహంలో నేను చూసిన నిజమైన సంతోషం అదొక్కటే.

"చూశారా? మీరింక ఎక్కడికీ వెళ్లరు" అన్నాడు.

ఊదారంగు ఊరి అవతలికి జరిగింది. మా నాలుగు వరసలు నిలబడ్డాయి. ఆయన ఇంకో ఊరి చుక్కలు చూసుకోవడానికి వెళ్లిపోతూ నాతో చేయి కలిపి, "మీ వీధి బాగా కుదిరిందండీ" అన్నాడు. మా వీధి. పేరు గుర్తులేదు పాపం.

సంతకం పెట్టిన మూడేళ్లకు బాపు రిటైరయ్యాడు. గల్లీవాళ్లు దండ తెచ్చారు. మేక మాట, స్టేషను మాట ఎవరూ ఎత్తలేదు. బాపు తర్వాత రిటైరైనవాళ్లకు కూడా దండతోనే సరిపెట్టారు.

ఆ ఎండాకాలమే మా మేనబావ, బాపు చెల్లెలి కొడుకు, పెళ్లి పత్రిక పట్టుకుని ఊరినుంచి వచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ, వచ్చినవాళ్లందరూ అడిగేదే అడిగాడు:

"ఇగ డ్యూటీ అయిపాయె గద మామా. ఎప్పుడొస్తున్నరు ఊరికి?"

బాపు పత్రికకు అంటిన పసుపును గోటితో దులుపుతూ కూర్చున్నాడు.

"రానని కాయితం రాసిచ్చిన బిడ్డా."

"కాయితమేంది మామా?"

నేను కల్పించుకున్నాను. అది ఆఫీసు కాగితం, దానికీ ఊరికీ సంబంధం లేదు, ఈపాటికి ఏ మూల బస్తాలోనో ఎలుకలు కొట్టి ఉంటాయి, పెళ్లికి అందరం వస్తున్నాం అన్నాను.

బాపు నావైపు చూడకుండా అన్నాడు:

"సంతకం నాది గదర."